యామాగా ఊరివాళ్ళు నిలబెట్టుకున్న కబుకి నాటకశాల: యాచియోజాను ఎలా చూడాలి

జపాన్ వెళ్ళే మనవాళ్ళు చాలామంది టోక్యో, క్యోటో, హిరోషిమా, ఫుజి కొండ చూసి తిరిగొస్తారు. అవన్నీ చూడాల్సినవే. అయితే నాటకమంటే ప్రాణం పెట్టేవాళ్ళు, పాత కట్టడాల దగ్గర ఎంతసేపైనా నిలబడగలిగేవాళ్ళు ఇంకో రోజు మిగుల్చుకుని దక్షిణాన క్యుషు దీవికి వెళ్ళాలి. అక్కడ కుమామొతో నగరానికి ఉత్తరంగా యామాగా అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊళ్ళో యాచియోజా ఉంది. జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకి ఆడటానికి 1910లో కట్టి, 1911 జనవరిలో తెర ఎత్తిన చెక్క నాటకశాల అది.

దాన్ని ఏ ప్రభువూ కట్టించలేదు. ఊళ్ళో వ్యాపారులు సంఘంగా ఏర్పడి, వాటా 30 యెన్ల చొప్పున డబ్బు వేసుకుని కట్టుకున్నారు. సినిమాలు, టీవీలు వచ్చాక జనం తగ్గిపోయి 1973లో మూతపడింది. పాడుబడిపోతున్న ఆ కట్టడాన్ని మళ్ళీ లేపి నిలబెట్టింది కూడా ఊరివాళ్ళే. అందుకే దీన్ని మ్యూజియం చూసినట్టు చూస్తే అరగంటలో అయిపోతుంది. ఒక ఊరి ఉమ్మడి ఆస్తిగా చూడాలంటే పూట పడుతుంది. ఎలా వెళ్ళాలి, ఏ వరసలో చూడాలి, ఎక్కడ ఆగాలి అన్నవి ఈ రెండో పద్ధతిలో చూడాలనుకునేవాళ్ళ కోసమే రాస్తున్నాను.

ముందు తేదీ, తర్వాత టికెట్లు

రైలు టికెట్లు, హోటల్ గదులు తీసుకోకముందే యాచియోజా క్యాలెండర్ చూడండి. ఇది ఇప్పటికీ నాటకాలు ఆడుతున్న శాల. ప్రదర్శన గానీ రిహార్సల్ గానీ ఉన్న రోజు సందర్శకులను లోపలికి పంపకపోవచ్చు, లేదా కొంత భాగమే చూపించవచ్చు. అంత దూరం వెళ్ళి గుమ్మం దగ్గర నుంచి వెనక్కి రావడం కన్నా బాధ ఇంకోటి ఉండదు. నాటకశాల వెబ్‌సైట్ జపనీస్‌లో ఉన్నా ఫోన్‌లో అనువాదం పెట్టుకుంటే తేదీలు తేలిగ్గానే అర్థమవుతాయి. మామూలుగా నెలలో రెండో బుధవారం, కొత్త సంవత్సరం చుట్టూ కొన్ని రోజులు సెలవు. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా తెరిచి ఉంటుంది, లోపలికి పంపడం మాత్రం అరగంట ముందే ఆపేస్తారు. పెద్దవాళ్ళకు ప్రవేశ రుసుము 530 యెన్లు, పిల్లలకు దాదాపు సగం. ధరలు, వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారంలో ఇంకోసారి సరిచూసుకోండి.

ఏ కాలంలో వెళ్ళాలి? ఆగస్టు 15, 16 తేదీల్లో యామాగాలో తోరో పండుగ, అంటే దీపాల పండుగ జరుగుతుంది. ఆడవాళ్ళు బంగారు రంగు కాగితపు దీపాలను తలమీద పెట్టుకుని, పలుచటి నూలు కిమోనోల్లో రాత్రిపూట వలయాలుగా తిరుగుతూ నెమ్మదిగా నాట్యం చేస్తారు. వేయి మంది కలిసి ఆడే ఆ నాట్యం చూస్తే మరిచిపోలేరు. కానీ ఆ రెండు రోజులూ గదులు దొరకవు, ఎండ మండిపోతుంది, గాలిలో తేమ మన కోస్తా జిల్లాల మే నెలకు ఏమీ తీసిపోదు. జూన్ మధ్య నుంచి జులై దాకా వానలు, సెప్టెంబరులో తుఫాన్ల బెడద. ఫిబ్రవరిలో వీధుల్లో వెదురు, కాగితాలతో చేసిన దీపాలు పెడతారు. చలి ఎముకల దాకా దిగుతుంది గానీ ఊరు అప్పుడు చాలా అందంగా ఉంటుంది.

నన్నడిగితే, మొదటిసారి వెళ్ళేవాళ్ళకు అక్టోబరు చివర్లోనో, మార్చి నెలాఖర్లోనో, ప్రదర్శన లేని మామూలు రోజు మంచిది. జనం తక్కువ ఉంటారు, అక్కడి సిబ్బందికి మీతో మాట్లాడే తీరిక ఉంటుంది. ఏప్రిల్ చివర మొదలయ్యే సెలవుల వారంలో మాత్రం వెళ్ళకండి. దేశమంతా ప్రయాణాల్లోనే ఉంటుంది.

ఊరు చేరడం

యామాగాకు రైలు లేదు. ఒకప్పుడు చిన్న రైలు మార్గం ఉండేది, 1965లో అది పోయింది. ఇప్పుడు బస్సే దిక్కు, లేదంటే అద్దె కారు.

ఫుకుఒకా విమానాశ్రయంలో దిగితే మెట్రోలో హకాతా స్టేషన్‌కు, అక్కడి నుంచి షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో కుమామొతోకు. రైలును బట్టి ముప్పావు గంట అటూ ఇటూ పడుతుంది. ఒసాకా నుంచైతే షింకన్‌సెన్‌లోనే నేరుగా కుమామొతో రావచ్చు, మూడు గంటలు దాటుతుంది. కుమామొతో నగరం మధ్యలో సకురామచి అనే పెద్ద బస్ టెర్మినల్ ఉంది. యామాగా బస్సు అక్కడే ఎక్కండి. గంటకు పైగా ప్రయాణం. షిన్ తమానా అనే చిన్న షింకన్‌సెన్ స్టేషన్‌లో దిగి అక్కడి నుంచి బస్సులో వెళ్ళే దారి కూడా ఉంది, కానీ ఆ దారిలో బస్సులు తక్కువ. టైము కలిస్తేనే అటు వెళ్ళండి.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి. జపాన్ అంతా సుయికా లాంటి కార్డు ఒకటి తాకిస్తే పనైపోతుందని అలవాటు పడి ఉంటాం. కుమామొతోలోని ఐదు బస్సు కంపెనీలు 2024 నవంబరులో ఆ కార్డులను ఆపేశాయి. కార్డు యంత్రాలు మార్చే ఖర్చు భరించలేక తీసుకున్న నిర్ణయం అది. స్థానిక కార్డు, డబ్బు, తాకించి చెల్లించే క్రెడిట్ కార్డు అక్కడ నడుస్తాయి. మన బ్యాంకు కార్డు పనిచేస్తుందో లేదో బస్సులో నిలబడి తేల్చుకోవడం టెన్షన్ పని. కాబట్టి చేతిలో వెయ్యి యెన్ల నోట్లు, చిల్లర నాణేలు ఉంచుకోండి. పదివేల నోటుకు బస్సులో చిల్లర దొరకదు. బస్సు ఎక్కగానే తలుపు పక్కనున్న పెట్టెలోంచి అంకె వేసిన చిన్న చీటీ తీసుకోండి. ముందు అద్దం పైన ఉన్న బోర్డులో మీ అంకె కింద ఛార్జీ పెరుగుతూ పోతుంది. దిగేటప్పుడు చీటీ, సరిపడా డబ్బు కలిపి డ్రైవర్ పక్కన పెట్టెలో వేయాలి.

కుమామొతో పక్కనే ఉన్న కికుయోలో 2024లో పెద్ద చిప్ ఫ్యాక్టరీ ప్రారంభమైంది. ఆ పనిమీద వచ్చే ఇంజినీర్లకైతే ఇది ఒక ఆదివారంలో వెళ్ళి వచ్చే చోటు. మిగతావాళ్ళు ఆ రాత్రి కుమామొతోలో గానీ యామాగాలోనే గానీ ఉండిపోండి. పరుగున వచ్చి పరుగున పోతే ఇంత దూరం వచ్చిన ఫలం దక్కదు.

బస్సు దిగి నేరుగా నాటకశాలకు పోవద్దు

ఇది నా గట్టి సలహా. ముందు ఊరి పాత వీధిలో ఒక గంట నడవండి. బుజెన్ కైదో అని పాతకాలపు రాజమార్గం ఒకటి ఊరి మధ్యగా పోతుంది. కుమామొతో ప్రభువులు రాజధానికి వెళ్ళి వచ్చే దారి అది. పక్కనే కికుచి నది ఉంది. చుట్టుపక్కల పండిన ధాన్యం ఈ నది మీద పడవల్లో దిగువకు వెళ్ళి, అక్కడి నుంచి ఒసాకా బియ్యం మార్కెట్ దాకా పోయేది. దారి, నది, వేడినీటి ఊటలు మూడూ ఒకేచోట ఉండటంతో బాటసారులు, బేరగాళ్ళు, సత్రాలు, సారాయి కాచే ఇళ్ళు అన్నీ ఇక్కడ చేరాయి. ఒక చిన్న ఊళ్ళో వ్యాపారులకు అంత పెద్ద నాటకశాల కట్టుకునే స్తోమత, ధైర్యం ఎక్కడి నుంచి వచ్చాయో ఈ వీధి నడిస్తేనే తెలుస్తుంది. 1896 నుంచి బియ్యపు మద్యం తయారుచేస్తున్న చియోనోసోనో అనే కంపెనీ ఇప్పటికీ ఇక్కడే ఉంది. బియ్యానికి బూజు పట్టించి పులియబెట్టే కోజి దుకాణం కూడా కనిపిస్తుంది.

ఆ వీధిలోనే తోరో మ్యూజియం ఉంది. 1925లో బ్యాంకు కోసం కట్టిన భవనం అది. దీన్ని నాటకశాల కన్నా ముందు చూడండి. యామాగా దీపాలకు చెక్క ముక్క, లోహపు చీల వాడరు. చేత్తో చేసిన కాగితం, జిగురు, అంతే. స్తంభాలు కూడా లోపల బోలుగా ఉండే కాగితపు గొట్టాలే. గుళ్ళు, కోటలు, ఇళ్ళ నమూనాలు కూడా అలాగే చేస్తారు. పూర్వం కెయికో చక్రవర్తి పొగమంచులో దారి కానక చిక్కుకుంటే ఊరివాళ్ళు కాగడాలతో ఎదురెళ్ళి తీసుకొచ్చారని, ఈ దీపాల సంప్రదాయం అక్కడే మొదలైందని స్థానికంగా చెప్పుకుంటారు. ఇప్పటికీ ఏటా ఓమియా గుడికి దీపాలు సమర్పిస్తారు.

ఈ మ్యూజియానికీ నాటకశాలకీ సంబంధం ఉంది. యాచియోజా నమూనా గీసి, దగ్గరుండి కట్టించిన కిమురా కమెతారో పడవల మీద సరుకు రవాణా చేసే వ్యాపారి. ఆయనే తోరో దీపాలు చేసే పనివాడు కూడా. భవన నిర్మాణం చదువుకున్న మనిషి కాదు. టోక్యోలోనూ షాంఘైలోనూ నాటకశాలలు చూసొచ్చి తన ఊరికి తగ్గట్టు దీన్ని రూపొందించాడు. కాగితంతో గుడి కట్టే చేతులు చెక్కతో నాటకశాల కట్టాయన్న సంగతి మనసులో పెట్టుకుని లోపలికి అడుగుపెడితే చూపు మారుతుంది. రెండు చోట్లకూ కలిపి టికెట్ ఉందేమో అడగండి, కొంత కలిసొస్తుంది.

చెప్పులు విప్పి, కూర్చోండి

రంగురంగుల పొడవాటి జెండాలు కట్టిన సందులోంచి వెళితే తెల్లటి గోడలు, పెంకుల కప్పుతో రెండంతస్తుల భవనం ఎదురవుతుంది. గుమ్మంలో చెప్పులు విప్పేయాలి. చిరుగుల్లేని సాక్సు వేసుకుని వెళ్ళండి. చలికాలమైతే మందపాటివి. తాళ్ళు కట్టే బూట్ల కన్నా తేలిగ్గా విప్పే జోళ్ళు నయం. నేల నున్నగా ఉంటుంది, పాత మెట్లు నిటారుగా ఉంటాయి, సాక్సుతో జారే ప్రమాదం ఉంది. పిల్లల చేయి వదలకండి.

లోపలికి రాగానే ఫోన్ తీసి ఫొటోలు మొదలుపెట్టకండి. ముందు కింది అంతస్తులో ఏదో ఒక గడిలో కూర్చోండి. నేలంతా చెక్క అడ్డపట్టీలతో చదరపు గడులుగా విడదీసి ఉంటుంది. ఒక్కో గడిలో కొందరు కలిసి కింద కూర్చుంటారు. వెనక వరసలవాళ్ళకు కూడా వేదిక కనపడాలని నేలను ముందుకు వాలుగా కట్టారు. కూర్చుంటే ఆ వాలు ఒంటికి తెలుస్తుంది. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మనకు చిన్నప్పటి అలవాటే కాబట్టి ఇక్కడ యూరప్ నుంచి వచ్చినవాళ్ళు పడే పాట్లు మనం పడనక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను తీసుకెళితే ఏదైనా ఆసరా ఉంటుందా అని సిబ్బందిని అడగండి. అడ్డపట్టీల మీద కాలు వేసి తొక్కకండి, వాటి మీద కూర్చోకండి.

ఇప్పుడు తల ఎత్తి చూడండి. పైకప్పు నిండా రంగురంగుల ప్రకటనలు. బట్టల దుకాణాలు, మందుల షాపులు, మద్యం వ్యాపారులు, ఒకటా రెండా! మధ్యలో ఇత్తడి షాండ్లియర్. ఆ రోజుల్లో ఊళ్ళో దుకాణాలవాళ్ళు తమ పేర్లు నాటకశాల కప్పు మీద రాయించుకున్నారు. నాటకం చూడటానికి వచ్చి పడుకుని పైకి చూసినా మన కొట్టు పేరే కనపడాలని కాబోలు. 1923 నాటికి ఈ శాల ఎలా ఉండేదో ఆ రూపానికి తెచ్చేలా పునరుద్ధరించినప్పుడు ఈ ప్రకటనలకూ మళ్ళీ రంగులు వచ్చాయి. మీరు నడిచొచ్చిన వీధిని ఇక్కడ పైకప్పు మీద మళ్ళీ చదువుతున్నట్టే. అందుకే వీధి ముందు చూడమన్నాను.

ఇలా కూర్చుని ఉండగానే, మీ తలమీదున్న కప్పు కథ కూడా తెలుసుకోండి. మూతపడ్డాక ఈ శాల ఆలనాపాలనా లేక శిథిలమైంది. కప్పు పాడై వాన లోపలికి కురిసేది. పడగొట్టేసినా అడిగేవాళ్ళు లేరనుకునే రోజుల్లో ఊరి వృద్ధుల సంఘం కదిలింది. చిన్నప్పుడు అమ్మానాన్నల ఒళ్ళో కూర్చుని ఇక్కడ నాటకాలు చూసినవాళ్ళు వాళ్ళు. ఒక్కో పెంకుకు చందా ఇవ్వండని ఇంటింటికీ తిరిగారు. దాని పేరే ‘ఒక పెంకు ఉద్యమం’. ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు ఒక పెంకు, రెండు పెంకులు. అలా వేల పెంకుల డబ్బు పోగై కప్పు మారింది. పెద్దవాళ్ళను చూసి కుర్రవాళ్ళూ చేతులు కలిపారు. 1988లో దేశం దీన్ని ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తించింది. 1990లో బండో తమసబురో అనే గొప్ప కబుకి నటుడు ఇక్కడికొచ్చి ఆడాడు. ఆడవేషాలకు ఆయన పెట్టింది పేరు, 2012లో జపాన్ ఆయన్ను సజీవ జాతీయ సంపదగా ప్రకటించింది. అంత పేరున్న నటుడు ఒక మారుమూల ఊరికి రావడంతో దేశమంతా ఇటు చూసింది. ఆ తర్వాత కూడా ఆయన ఎన్నో ఏళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉన్నాడు. 1996లో మొదలైన పెద్ద పునరుద్ధరణ 2001లో పూర్తయింది.

ఈ వరసలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది గమనించండి. ప్రభుత్వ గుర్తింపు, పెద్ద నటుడు, పెద్ద ఖర్చుతో మరమ్మతులు అన్నీ పెంకుల తర్వాతే వచ్చాయి.

పూలదారి, ఆ తర్వాత నేలమాళిగ

లేచి, వేదికకు ఎడమవైపున ప్రేక్షకుల మధ్యగా వెనకదాకా సాగే చెక్క దారి దగ్గరకు రండి. దీన్ని హనమిచి, అంటే పూలదారి అంటారు. కబుకిలో ముఖ్యపాత్రలు వచ్చేదీ పోయేదీ దీని మీదే. పాత్ర మధ్యలో ఆగి, బిగుసుకుని ఒక భంగిమ పడితే పక్కనే కూర్చున్నవాళ్ళకు నటుడి పాదం చేతికందేంత దూరంలో ఉంటుంది. ఈ దారి మీద వేదికకు దగ్గరగా నేలలో ఒక చదరపు మూత కనిపిస్తుంది. అది సుప్పోన్. దయ్యాలు, మంత్రగాళ్ళు, మనుషులు కాని పాత్రలు అందులోంచి పైకి వస్తాయి. కింద మనుషులు చేతులతో ఎత్తుతారు. సురభివారి నాటకాలు చూసినవాళ్ళకు ఈ మాయల వెనక ఉండే శ్రమ చెప్పక్కర్లేదు.

వేదిక మధ్యలో గుండ్రంగా చీలిక కనిపిస్తుంది. 8 మీటర్ల పైచిలుకు అడ్డుకొలత ఉన్న తిరిగే వేదిక. ఒక దృశ్యం ముందు నడుస్తుండగానే వెనక సగంలో రెండో దృశ్యానికి అంతా అమర్చి పెట్టుకుని, చక్రం తిప్పితే చాలు. 1758లో ఒసాకాలో నమికి షోజో అనే నాటక రచయిత పెద్ద ఎత్తున దీన్ని వాడుకలోకి తెచ్చాడు. యూరప్ నాటకశాలల్లోకి ఈ పద్ధతి వచ్చింది ఆ తర్వాత ఎంతో కాలానికి.

దాన్ని తిప్పే యంత్రాంగం చూడాలంటే కిందికి దిగాలి. నరాకు అని పిలిచే నేలమాళిగ అది. యాచియోజాలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ పట్టి నిలిపే చోటు ఇదే. దిగేటప్పుడు తల వంచండి, దూలాలు కిందికి ఉంటాయి. ఎత్తు ఎక్కువున్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. లోపల చల్లగా, మసక వెలుతురుతో ఉంటుంది. రాతి గోడలు, మధ్యలో పెద్ద చక్రం, దాన్ని నెట్టడానికి అడ్డకర్రలు. చక్రం తిరిగే పట్టాలు జర్మనీలోని క్రుప్ కంపెనీ తయారీ. వాటి మీద కంపెనీ పేరు కనిపించేలా ఉంటుంది, వెతికి చూడండి. 1910లో జపాన్‌లో ఒక మూలనున్న ఊళ్ళోవాళ్ళు ఊరి నాటకం కోసం జర్మనీ ఇనుము తెప్పించుకున్నారు! వాళ్ళకు నాటకం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఆ పట్టాలు చాలు.

ఇక్కడ ఒక పని చేయండి. మీతో వచ్చినవాళ్ళలో ఒకరిని పైన వేదిక అంచున ఉండమని, మీరు కింద నిలబడండి. వాళ్ళు నడిస్తే అడుగుల చప్పుడు మీకు వినిపిస్తుంది. నాటకం నడుస్తున్నప్పుడు చక్రం తిప్పేవాళ్ళు పైన ఏం జరుగుతోందో కళ్ళతో చూడలేరు. చెవులతోనూ సైగలతోనూ కనిపెట్టి, సరిగ్గా ఆ క్షణానికి నెట్టాలి. చక్రాన్ని మాత్రం ముట్టుకోవద్దు, సిబ్బంది అనుమతిస్తే తప్ప.

అక్కడి నుంచి వేదిక వెనక నటుల గదులు, ఆ తర్వాత పై అంతస్తు. పైనుంచి చూస్తే గడుల అమరిక, పూలదారి, పైకప్పు అన్నీ ఒక్క చూపులో పడతాయి. మీ ఫొటోలన్నీ ఇక్కడ తీసుకోండి. ఎదురుగా ఉన్న చిన్న మ్యూజియంలో పాత నాటక సామగ్రి పెట్టారు, అదీ చూసి రండి.

సిబ్బందితో మాట్లాడండి

వచ్చినవాళ్ళకు వివరించి చెప్పడమంటే ఇక్కడివాళ్ళకు ఇష్టం. వివరణ ఎక్కువగా జపనీస్‌లోనే ఉంటుంది. ఇంగ్లీషు కరపత్రం అడిగి తీసుకోండి, ఫోన్‌లో అనువాదం యాప్ తెరిచి పెట్టుకోండి. నాలుగు మాటలు నేర్చుకుని వెళితే పని ఇంకా తేలికవుతుంది. ఎవరినైనా పలకరించడానికి, తప్పుకోమనడానికి, క్షమించమనడానికి ‘సుమిమాసెన్’ ఒక్కటే చాలు. ఈరోజు లోపల చూడొచ్చా అని అడగాలంటే ‘క్యో, కెంగాకు దెకిమాసు కా’. ఫొటో తీసుకోవచ్చా అంటే ‘షాషిన్, ఈ దెసు కా’. చివర్లో ‘అరిగాతో గొజాయిమాషిత’. చిన్నగా తల వంచి చెబితే సరిపోతుంది. కరచాలనానికి చేయి చాచనక్కర్లేదు.

నాటకం ఉన్న రోజు వెళితే

టికెట్ ముందే కొనాలి. పెద్ద నటుల ప్రదర్శనలకు టికెట్లు త్వరగా అయిపోతాయి, ధరా ఎక్కువే. స్థానిక బృందాల కచేరీలు, ఢోలు వాయిద్యం, తోరో నాట్యం లాంటివి తక్కువ ఖర్చుతో చూడొచ్చు, అవి కూడా ఏమాత్రం తక్కువ కాదు. ఊరివాళ్ళు తమ శాలలో తామే ఆడే కార్యక్రమం దొరికితే వదులుకోవద్దు.

కబుకి అయితే కథ ముందే చదువుకుని వెళ్ళండి. పాత జపనీస్ భాష అది, అక్కడివాళ్ళకే కొంత కష్టం. కథ తెలిస్తే మాట అర్థం కాకపోయినా అభినయం అందుతుంది. ప్రదర్శన సమయంలో ఫొటోలు, వీడియోలు పూర్తిగా నిషేధం. ఫోన్ ఆపేయండి, నిశ్శబ్దంగా పెట్టడం చాలదు, చీకట్లో తెర వెలిగినా పక్కవాళ్ళకు ఇబ్బందే. నటుడు భంగిమ పట్టినప్పుడు వెనక నుంచి ఎవరో అతని నటవంశపు పేరును గట్టిగా కేకేయడం వింటారు. అది మెచ్చుకోలు. ఎప్పుడు అరవాలో ఏళ్ళ తరబడి చూసినవాళ్ళకే తెలుస్తుంది, మనం చప్పట్లతో సరిపెట్టుకోవడం మంచిది. గడిలో పక్కవాళ్ళతో కలిసి కూర్చుంటాం కాబట్టి పెద్ద బ్యాగులు తేవద్దు, బస్ టెర్మినల్ లాకర్లో పెట్టి రండి.

తిండి, స్నానం

కుమామొతో ప్రాంతంలో గుర్రపు మాంసం పేరుపొందిన వంటకం. తినని వాళ్ళు మెనూలో ‘బా’ అనే మాటతో మొదలయ్యే మాంసం పేర్లు అడిగి తెలుసుకోండి. శాకాహారులకు ఊళ్ళో భోజనం కష్టమే. కూరగాయల వంటకంలోనూ పులుసులోనూ ఎండుచేప రసం పడుతుంది. ఉదయం కుమామొతోలోనే ఏదైనా కట్టించుకుని రండి, పులిహోర కలుపుకునే వీలుంటే ఇంకా మంచిది. ఇకినారి దాంగో మాత్రం నిశ్చింతగా తినొచ్చు. చిలగడదుంప ముక్క, తీపి చిక్కుడుగింజల ముద్దను పిండిలో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. యామాగా చెస్ట్‌నట్ గింజలకు కూడా పేరు, శరదృతువులో వెళితే వాటితో చేసిన మిఠాయిలు దొరుకుతాయి.

ఊరి మధ్యలో సకురయు అనే వేడినీటి స్నానశాల ఉంది. ప్రభువుల కాలం నాటి చెక్క స్నానశాలను 1970లలో పడగొట్టేశారు. 2012లో పాత పద్ధతిలోనే చెక్కతో మళ్ళీ కట్టుకున్నారు. ఆడా మగా వేరువేరు గదులు, బట్టలు లేకుండానే దిగాలి, ముందు పక్కన కూర్చుని ఒళ్ళంతా సబ్బుతో కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. మొహమాటపడేవాళ్ళకు వీధిలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే వేడినీటి తొట్టెలు ఉంటాయి.

యామాగా కుదరకపోతే

ఇలాంటి శాలలు జపాన్‌లో ఇంకొన్ని ఉన్నాయి. షికోకు దీవిలో కొతోహిరా ఊళ్ళో కనమరుజా 1835 నాటిది, నిలిచి ఉన్న కబుకి శాలల్లో అన్నిటికన్నా పాతది. 1985లో మొదలైన కబుకి ఉత్సవం అక్కడ వసంతంలో జరుగుతుంది. ఒసాకా, క్యోటో నుంచి వెళ్ళేవాళ్ళకు ఇజుషి ఊళ్ళోని ఎయిరకుకాన్ దగ్గర, అది 1901 నాటిది. ఉత్తరాన అకితాలో కొసాకా గని ఊళ్ళో కోరకుకాన్ ఉంది, యాచియోజా లాగే 1910లో కట్టింది, అయితే గని కార్మికుల కోసం గని కంపెనీ కట్టించింది. ఉచికో ఊళ్ళో 1916 నాటి ఉచికోజా కూడా చాలా అందమైనదే, కానీ 2024 నుంచి మరమ్మతుల కోసం మూసి ఉంచారు, తెరిచారో లేదో చూసుకోకుండా బయల్దేరవద్దు. ఎక్కడికి వెళ్ళినా వరస ఇదే పెట్టుకోండి: ముందు ఊరు, తర్వాత కూర్చుని చూడటం, తర్వాత వేదిక కింద.

బయల్దేరే ముందు

తిరుగు బస్సు టైము ఊళ్ళో దిగిన వెంటనే ఫొటో తీసి పెట్టుకోండి. సాయంత్రం ఐదు దాటాక బస్సుల మధ్య దూరం పెరుగుతుంది, ఆదివారం టైములు వేరు. మిగిలిన డబ్బును స్టేషన్‌లో చాక్లెట్ల మీద పెట్టే బదులు ఆ పాత వీధిలో ఖర్చు చేయండి. నాటకశాల కప్పు మీద పేరు రాయించుకున్న ఊరు ఇప్పటికీ దుకాణాల మీదే బతుకుతోంది. కాగితపు తోరో చిన్నది కొనుక్కుంటే గట్టి అట్టపెట్టెలో పెట్టివ్వమని అడిగి, విమానంలో చేతి సంచిలోనే తెచ్చుకోండి. చెకిన్ సామానులో పెడితే నలిగిపోతుంది.